హాలు సీలింగ్ ఒక పక్క పసుపు, ఒక పక్క ఆకుపచ్చ: ఇళ్ల లోపలి ఫోటోలలో అక్కర్లేని రంగు ఛాయలు పోవాలంటే ఏం చేయాలి?

చిత్రకుటీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో అమ్మకానికి, అద్దెకు పెట్టిన ఫ్లాట్ల లోపలి ఫోటోలు తీసి ఇవ్వడం నా పని. వెలుతురు, కోణం, గీతలు నిలువుగా ఉండటం వంటి విషయాలలో ఇబ్బంది లేదు కానీ, రంగుల దగ్గర మాత్రం ప్రతిసారీ చిక్కుకుపోతున్నాను.

ఈమధ్య తీసిన ఒక ఫ్లాటు హాలునే ఉదాహరణగా తీసుకోండి. తూర్పున బాల్కనీలోకి తెరుచుకునే పెద్ద స్లైడింగ్ తలుపు ఉంది. దానికి కొంచెం ఆకుపచ్చగా కనిపించే టింటెడ్ గ్లాసు వేశారు. బాల్కనీ నేల మీద కృత్రిమ గడ్డి పరిచారు. ఫాల్స్ సీలింగ్ అంచు వెంట వార్మ్ వైట్ ఎల్‌ఈడీ స్ట్రిప్పు, మధ్యలో కూల్ డే లైట్ రకం డౌన్‌లైట్లు ఉన్నాయి. టీవీ గోడకు ముదురు నారింజ రంగు వేశారు, వాకిలి తలుపు టేకుది. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, రా ఫార్మాట్‌లో (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలుగా) మూడు ఎక్స్‌పోజర్లు, అంటే వెలుగు ఎక్కువ తక్కువలతో మూడు ఫోటోలు తీసి, ఫోటోలు సరిచేసే లైట్‌రూమ్‌ సాఫ్ట్‌వేర్‌లో హెచ్‌డీఆర్‌గా, అంటే చీకటి, వెలుగు భాగాలు రెండూ కనబడే ఒకే ఫోటోగా కలిపాను.

ఫలితంగా సీలింగ్ అంచులు పసుపుగా, బాల్కనీ వైపు భాగం లేత ఆకుపచ్చగా, టీవీ గోడ పక్కనున్న తెల్ల గోడ గులాబీ కలిసిన నారింజగా వచ్చాయి. ఐడ్రాపర్‌తో (నొక్కిన చోటు ఏ ఛాయా లేనిదని భావించి ఫోటో రంగులను సర్దే సాధనం) సీలింగ్ అంచును నొక్కితే మిగతా హాలు నీలిగా మారుతోంది, మధ్యలో నొక్కితే అంచుల పసుపూ బాల్కనీ వైపు పచ్చదనమూ అలాగే ఉండిపోతున్నాయి. విసుగెత్తి పసుపు, నారింజ రంగుల సాచురేషన్ (రంగు గాఢత) తగ్గించి పంపితే, ఇంటి యజమాని ఫోన్ చేసి తన టేకు తలుపు సిమెంటు పలకలా ఉందని అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు.

దీన్ని ఫోటో తీసేటప్పుడే సరిచేసుకోవాలా, కంప్యూటర్ మీద సరిచేయాలా? నా దగ్గర ఒక్క స్పీడ్‌లైట్ (చిన్న ఫ్లాష్) మాత్రమే ఉంది. లైట్లన్నీ వేసి తీయమని బ్రోకర్లు పట్టుబడతారు. ఒక ఫ్లాటుకు దొరికే సమయం గంటన్నర, ఫోటోలు మరునాటికి అందాలి. ఈ హద్దులలో సాధ్యమయ్యే పద్ధతి ఎవరైనా చెబితే మేలు చేసినవారవుతారు.

సాగరతీరం

విశాఖలో ఇదే పని చేస్తున్నాను. మీ ప్రశ్నకు నా జవాబు: మూడొంతుల పని ఫోటో తీసేచోటే అయిపోవాలి, మిగిలిన ఒక వంతు కంప్యూటర్ మీద చేయాలి. కారణం చెబుతాను.

వైట్ బ్యాలెన్స్ అనేది తెల్లటివి తెల్లగా కనిపించేలా ఫ్రేము మొత్తానికి వర్తించే రంగు సర్దుబాటు. మీ హాలులో సీలింగ్ మీద పడుతున్న వెలుగులు మాత్రం కనీసం నాలుగు రకాలు: స్ట్రిప్పు పసుపు, డౌన్‌లైట్ల తెలుపు, గ్లాసులోంచి వచ్చిన ఆకాశపు వెలుగు, గడ్డి మీద పడి పైకి లేచిన ఆకుపచ్చ. ఇక టీవీ గోడ తన నారింజ రంగును పక్క గోడ మీదకు పంచుతోంది. ఇన్నింటికి ఒకే సర్దుబాటుతో న్యాయం జరగదు కాబట్టి, ఐడ్రాపర్‌తో ఎక్కడ నొక్కినా మరొకచోట చెడుతుంది. గదిలో నిలబడ్డప్పుడు మనకు ఇదంతా అంతగా కనిపించదు, ఎందుకంటే మన చూపు వెలుగుకు తగ్గట్టు తనను తాను సర్దుకుంటుంది. కెమెరాకు ఆ సౌకర్యం లేదు.

తేడా ఎంత ఉందో అంచనా వేయడానికి వెలుగు రంగును చెప్పే కెల్విన్ అంకెలను (తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం) నేరుగా పోల్చకండి. పది లక్షలను కెల్విన్ విలువతో భాగిస్తే వచ్చే సంఖ్యను మైరెడ్ అంటారు. రంగులో కనిపించే తేడా దాదాపుగా ఆ లెక్క ప్రకారం నడుస్తుంది. పగటి వెలుగు 5500 కెల్విన్ అనుకుంటే 182 మైరెడ్, మన ఇళ్లలో ఎక్కువగా వాడే 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ 154, వార్మ్ వైట్ స్ట్రిప్పు 3000 కెల్విన్ అయితే 333. అంటే డౌన్‌లైట్లకు పగటి వెలుగుకు మధ్య ఉన్న తేడా 28 మాత్రమే, స్ట్రిప్పుకు పగటి వెలుగుకు మధ్య 151. మీ హాలులో అసలు దోషి ఆ స్ట్రిప్పు. ఇంటీరియర్ డిజైనర్లు చిన్నచూపు చూసే 6500 తెల్ల లైట్లు పగటిపూట ఫోటోలకు నిజానికి అనుకూలమే, అయితే అవి నాసిరకం కాకూడదు.

కాబట్టి పగటిపూట ముందుగా అన్ని లైట్లూ ఆపేసి ఒక ఫ్రేము తీయండి. లోపల కాస్త చీకటిగా ఉంటుంది, ట్రైపాడ్ ఉంది కనుక షట్టర్ వేగం తగ్గించుకుంటే సరిపోతుంది. ఆ తరువాత కెమెరాను కదపకుండా, బ్రోకర్ కోరినట్టు అన్ని లైట్లూ వేసి మరో ఫ్రేము తీయండి. ఫోటోషాప్‌లో లైట్లు ఆపిన ఫ్రేమును కింద, వేసిన ఫ్రేమును పైన పెట్టి, పై లేయర్ (పొర) బ్లెండ్ మోడ్‌ను, అంటే అది కిందిదానితో కలిసే తీరును, లూమినాసిటీకి మార్చండి. అప్పుడు వెలుగు పైదాని నుంచి, రంగు కిందిదాని నుంచి వస్తాయి. గది దీపాలు వెలిగినట్టే ఉంటుంది, సీలింగ్ మాత్రం పసుపెక్కదు. ఒకే ఒక లోపం: స్ట్రిప్పు వెలుగు కూడా తెల్లబడి నిర్జీవంగా కనిపిస్తుంది. అందుకు లైట్లు వేసిన ఫ్రేమునే మరో కాపీగా నార్మల్ మోడ్‌లో పైన పెట్టి, మాస్క్‌తో (మార్పు ఏ భాగంలో కనబడాలో నిర్ణయించే ముసుగు) మొత్తం దాచేసి, స్ట్రిప్పు ఉన్న గాడి లోపల మాత్రం తక్కువ ఒపాసిటీ (పూత చిక్కదనం) గల బ్రష్‌తో వెనక్కి తెచ్చుకోండి. దీపం దగ్గర వెచ్చదనం ఉంటే అది అందం, రెండు మీటర్ల దూరంలోని సీలింగ్ మీద ఉంటే అది మరక.

ఇక ఆకుపచ్చ సంగతి. లైట్లు ఆపినా అది పోదు, ఎందుకంటే అది బయటి నుంచి వస్తోంది. స్లైడింగ్ తలుపును పూర్తిగా తెరిస్తే గ్లాసు ఛాయ చాలావరకు తగ్గుతుంది. తూర్పు బాల్కనీ కాబట్టి పొద్దున ఎండ నేరుగా గడ్డి మీద పడి, పచ్చదనం లోపలి సీలింగ్‌కు ఎక్కుతుంది. ఆ హాలును మధ్యాహ్నం తరువాత తీయండి. అప్పటికి బాల్కనీ నీడలో ఉంటుంది, లోపలికి వచ్చేది ప్రధానంగా ఆకాశపు నీలి వెలుగు. నీలిని సరిచేయడానికి నీలం, పసుపుల మధ్య జరిపే టెంపరేచర్ స్లైడర్ ఒక్కటే చాలు. సమయం మార్చుకునే వీలు లేకపోతే గడ్డి మీద తెల్ల దుప్పటి పరిచి తీసి, బాల్కనీ కనిపించే భాగం కోసం దుప్పటి తీసేసి ఇంకొక ఫ్రేము తీసి కలుపుకోవచ్చు. కింద వాచ్‌మన్ వింతగా చూస్తాడు, పట్టించుకోకండి.

ఇంకొక చిన్న మాట. ఈ మధ్య పెడుతున్న డౌన్‌లైట్లలో చాలావాటికి స్విచ్ ఆపి వెంటనే వేస్తే వార్మ్, న్యూట్రల్, కూల్ అని రంగు మారే త్రీ ఇన్ వన్ సదుపాయం ఉంటుంది. గదిలోకి వెళ్లగానే స్విచ్‌లను ఆ విధంగా పరీక్షించి అన్నింటినీ ఒకే రంగుకు తెచ్చుకుంటే సగం తలనొప్పి తప్పుతుంది. మామూలు హోల్డర్లకు సరిపోయేలా ఒకే రకం తొమ్మిది వాట్ల బల్బులు కొన్ని సంచిలో పెట్టుకోవడం కూడా మంచిదే.

రంగులడబ్బా

నేను కెమెరా పట్టను, ఇతరులు తీసిన ఇళ్ల ఫోటోలను సరిచేయడమే నా వృత్తి. సాగరతీరం గారు చెప్పినదంతా నిజం, కానీ నా దగ్గరకు వచ్చే ఫోటోలు ఆ జాగ్రత్తలేవీ లేకుండా తీసినవే ఎక్కువ. కాబట్టి ఇప్పటికే మీ చేతిలో ఉన్న ఆ హాలు ఫోటోను ఎలా కాపాడుకోవాలో చెబుతాను.

మొదట ఛాయ ఎక్కడెక్కడ ఉందో కచ్చితంగా తెలుసుకోవాలి. ఫోటోషాప్‌లో అన్నింటికంటే పైన ఒక హ్యూ సాచురేషన్ లేయర్ పెట్టి, సాచురేషన్‌ను తాత్కాలికంగా బాగా పెంచండి. తెల్లగా ఉందనుకున్న సీలింగ్ మీద పసుపు, ఆకుపచ్చ, నీలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో దేశపటంలా బయటపడుతుంది. ఆ లేయర్‌ను ఆపుతూ, వేస్తూ పనిచేయండి, పని అయ్యాక తీసేయండి.

తరువాత మొత్తం ఫ్రేముకు వైట్ బ్యాలెన్స్ ఎంచుకోవాలి. ఐడ్రాపర్‌తో సీలింగ్‌ను నొక్కే అలవాటు మానుకోమంటాను. మన ఇళ్లలో సీలింగ్‌కు వేసేది చాలాసార్లు నిఖార్సైన తెలుపు కాదు, కొంచెం మీగడ రంగు కలిసినది. ఐడ్రాపర్ దాన్ని బూడిద రంగుగా భావించి ఫోటో అంతటినీ నీలం వైపు తోస్తుంది. పైగా వెలుగు ఎక్కువై రంగు సమాచారం పోయిన చోట నొక్కితే వచ్చే ఫలితానికి అర్థం లేదు. స్విచ్‌బోర్డు ప్లేటు, ఏసీ పెట్టె, వంటగది స్టీలు సింకు వంటివి కొంత నమ్మదగినవి, అయితే అవి ఏ వెలుగులో ఉన్నాయో చూసుకోవాలి. హాలులో ఎక్కువ భాగాన్ని ఏలుతున్న వెలుగు ఏదో దానికి బ్యాలెన్స్ కుదిర్చి, మిగతావాటిని భాగాలవారీగా సరిచేయడమే దారి.

బాల్కనీ వైపు నుంచి వచ్చిన ఛాయ దూరం పోయేకొద్దీ క్రమంగా తగ్గుతుంది. కాబట్టి దానికి బ్రష్ కంటే లైట్‌రూమ్‌లోని లీనియర్ గ్రేడియంట్ మాస్క్ (ఒక అంచు నుంచి క్రమంగా పలచబడేది) సహజంగా అతుకుతుంది. ఆ మాస్క్‌లో టెంపరేచర్‌ను ముట్టుకోకుండా ముందు టింట్‌ను మెజెంటా వైపు కొద్దిగా జరపండి. టెంపరేచర్ స్లైడర్ నీలం, పసుపుల మధ్యా, టింట్ స్లైడర్ ఆకుపచ్చ, మెజెంటాల మధ్యా పనిచేస్తాయి. ఆకుపచ్చ పోవాలని టెంపరేచర్‌ను ఎంత తిప్పినా ప్రయోజనం లేదు. పాత ట్యూబ్‌లైట్ల కింద తీసిన ఫోటోలకు కూడా ఇదే మందు, ఎందుకంటే వాటి వెలుగులో పాదరసం వల్ల ఆకుపచ్చ పాలు ఎక్కువగా ఉంటుంది. గ్రేడియంట్ పరిధిలోకి సోఫా, మొక్కలు వస్తే, ఆ మాస్క్‌ను కలర్ రేంజ్‌తో ఇంటర్‌సెక్ట్ చేసి సీలింగ్ రంగుకు మాత్రమే పరిమితం చేయండి. లేకపోతే కుండీలోని మనీప్లాంటు వాడిపోయినట్టు వస్తుంది.

సీలింగ్ అంచుల పసుపుకు ఫోటోషాప్ మేలు. ఖాళీ లేయర్ పెట్టి, దాని బ్లెండ్ మోడ్‌ను కలర్‌కు మార్చి, బ్రష్ చేతిలో ఉండగా ఆల్ట్ మీట నొక్కి సీలింగ్‌లో రంగు సరిగా ఉన్న చోటును తీసుకుని, మెత్తటి అంచు గల బ్రష్‌తో ఇరవై, ముప్పై శాతం ఒపాసిటీ మీద పసుపు భాగాలను నెమ్మదిగా పూయండి. కలర్ మోడ్‌లో వెలుగునీడలు చెక్కుచెదరవు కాబట్టి మూలల లోతు, పీఓపీ గీతలు అలాగే ఉంటాయి. నారింజ గోడ పక్కనున్న తెల్ల గోడకు కూడా ఇదే పద్ధతి. బ్రష్ నారింజ గోడ మీదకు జారకుండా ముందే ఆ గోడ అంచును సెలెక్ట్ చేసి పెట్టుకోండి. టేకు తలుపు జోలికి వెళ్లనే వద్దు. పసుపు, నారింజ సాచురేషన్‌ను ఫోటో మొత్తానికి తగ్గించడం వల్లే మీ తలుపు సిమెంటైంది. ఆ స్లైడర్లను మాస్క్ లేకుండా ఇళ్ల ఫోటోలలో వాడకూడదని నా నియమం.

ఇంకొకటి. మీరు పనిచేసే గదిలో పసుపు బల్బు వెలుగుతుంటే ఈ శ్రమంతా వృథా. మానిటర్‌ను క్యాలిబ్రేటర్‌తో (తెర రంగులను కొలిచి సరిచేసే పరికరం) 6500 కెల్విన్‌కు సరిచేసుకుని, తెర వెనుక గోడ తెల్లగానో బూడిదగానో ఉండేలా చూసుకోండి.

డాలస్‌వాసి

అమెరికాలోని టెక్సస్‌లో ఉంటూ శని, ఆదివారాలలో ఇళ్ల ఫోటోలు తీస్తుంటాను. ఇక్కడి ఇళ్లలో 2700 కెల్విన్ పసుపు బల్బులు, చెక్క నేలలు సర్వసాధారణం. కిటికీ ఎండ చెక్క నేల మీద పడితే తెల్ల సీలింగ్ అంతా నారింజ పులుముకుంటుంది. అందుకే ఇక్కడ చాలామంది ఫ్లాష్ ఫ్రేమునూ గది సహజ వెలుగు ఫ్రేమునూ కలిపే పద్ధతిని వాడతారు, దాన్ని ఫ్లాంబియంట్ అంటారు. సాగరతీరం గారు చెప్పిన రెండు ఫ్రేముల పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే, రంగు మాత్రం ఫ్లాష్ నుంచి వస్తుంది.

ఆయన పద్ధతితో నాకు ఒక్కచోట పేచీ ఉంది. లైట్లు ఆపి తీయడం పెద్ద కిటికీలున్న హాలుకు బాగానే పనిచేస్తుంది. కిటికీ లేని నడవా, చిన్న వెంటిలేటర్ ఉన్న బాత్‌రూమ్, లోపలి వైపు వంటగది వంటి చోట్ల లైట్లు ఆపితే మిగిలే కాసింత వెలుగు కూడా పక్క గదుల గోడలను తాకి వచ్చినదే కనుక, దానికే బలమైన రంగు ఛాయ ఉంటుంది. అక్కడ మీ ఒక్క స్పీడ్‌లైట్ చాలు. కెమెరాను ట్రైపాడ్ మీద ఉంచి, ఫ్లాష్‌ను చేత్తో పట్టుకుని, కెమెరా వెనుకనున్న తెల్ల గోడ, సీలింగ్ కలిసే చోటుకు గురిపెట్టి కొట్టండి. ఈ ఫ్రేములో షట్టర్ వేగం పెంచి, గది దీపాల ప్రభావాన్ని వీలైనంత తగ్గించండి. ఫ్లాష్ వెలుగు సుమారు 5500 కెల్విన్, ప్రతి గదిలోనూ ఒకేలా ఉంటుంది. ఈ ఫ్రేమును కింద, గది వెలుగుతో తీసినదాన్ని లూమినాసిటీ మోడ్‌లో పైన పెడితే నీడలు సహజంగా, రంగులు శుభ్రంగా వస్తాయి.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి: ఫ్లాష్‌ను రంగు గోడ మీదకు కొట్టకూడదు. మీ నారింజ గోడకు గురిపెడితే గదంతా నారింజే. చుట్టూ తెల్ల ఉపరితలం దొరకకపోతే ఒక తెల్ల గొడుగు వాడండి.

హెచ్‌డీఆర్ గురించి కూడా చెప్పాలి. మూడు ఎక్స్‌పోజర్లు కలిపినప్పుడు నీడలు పైకి లేస్తాయి. చీకట్లో దాగి ఉన్న రంగు ఛాయలు కూడా వాటితోపాటు పైకి తేలతాయి. ఒకే ఎక్స్‌పోజర్‌లో అంతగా కనబడని పచ్చదనం కలిపిన ఫోటోలో కొట్టొచ్చినట్టు కనిపించడానికి కారణం ఇదే. హెచ్‌డీఆర్ వద్దనడం లేదు, లైట్లు ఆపిన ఫ్రేములనే కలపమంటున్నాను.

చిత్రకుటీరం

ముగ్గురికీ కృతజ్ఞతలు. పాత ఫోటో సీలింగ్‌ను రంగులడబ్బా గారు చెప్పినట్టు కలర్ మోడ్ లేయర్‌తో సరిచేశాను, తలుపు టేకు రంగు నిలిచింది, యజమాని ఒప్పుకున్నారు. మరో ఫ్లాటులో లైట్లు ఆపి తీసే పద్ధతి కూడా ప్రయత్నించాను, తేడా స్పష్టంగా ఉంది.

ఇంకా కొన్ని సందేహాలు మిగిలాయి. నిగనిగలాడే విట్రిఫైడ్ టైల్స్ మీద కిటికీ ప్రతిబింబం నీలంగా పడుతోంది, దాన్ని తీసేయాలా? నారింజ గోడ పక్క గోడ మీద నారింజ ఛాయను పూర్తిగా తుడిచేస్తే ఏదో కృత్రిమంగా ఉంది, ఎంతవరకు ఉంచాలి? చివరగా, నా మానిటర్ మీద సరిగా ఉన్న ఫోటోలు బ్రోకర్ ఫోన్‌లో పసుపుగా ఉన్నాయంటున్నారు. రంగు సరిచూసుకోవడానికి గదిలో ఒక తెల్ల కాగితం పెట్టి తీస్తే సరిపోతుందా అని కూడా అడగాలనుకున్నాను.

సాగరతీరం

కాగితంతో మొదలుపెడతాను. మామూలు ఏ4 కాగితంలో తెల్లదనం పెంచడానికి కలిపే పదార్థాలు అతినీల కిరణాలను పీల్చి నీలి వెలుగును వదులుతాయి. కిటికీ పక్కన ఆ కాగితం నిజంగా ఉన్నదానికంటే నీలంగా కనిపిస్తుంది, దాన్ని నొక్కితే ఫోటో పసుపు వైపు జారుతుంది. ఫోటోగ్రఫీ కోసం చేసిన గ్రే కార్డు (ఏ ఛాయా లేని బూడిద రంగు అట్ట) కొనుక్కోండి, ఖరీదైనదేమీ కాదు. ప్రతి గదిలో, ఆ గదిని ఏలే వెలుగులో కార్డును పెట్టి ఒక ఫ్రేము తీసి ఉంచుకుంటే, తరువాత ఊహించుకోవలసిన పని ఉండదు.

టైల్స్ మీది నీలాన్ని పూర్తిగా తీయకండి. అది ఆకాశపు ప్రతిబింబం, అక్కడ నీలం ఉండటం సహజం. మాస్క్ వేసి సాచురేషన్‌ను సగానికి తగ్గిస్తే చాలు. బూడిదగా మార్చేస్తే నేల మీద దుమ్ము పేరుకున్నట్టు కనిపిస్తుంది.

నారింజ ఛాయ విషయంలో నా కొలత ఇది: గోడ మూలలో, రెండు రంగులు కలిసే చోట కొంత ఉంచి, మూల నుంచి దూరం పోయేకొద్దీ తీసేస్తాను. గదిలోకి అడుగుపెట్టిన మనిషికి కూడా మూలలో ఆ ఛాయ కనబడుతుంది కాబట్టి, అది ఉంటేనే నమ్మకం కలుగుతుంది. అసలు గోడ రంగును మాత్రం మార్చవద్దు. నారింజ బాగా లేదు, ఫోటోలో మీగడ రంగు చేసి ఇవ్వమని అడిగే బ్రోకర్లు ఉన్నారు. వెలుగు వల్ల పడిన ఛాయను తీయడం మన పని, గోడకు వేసిన పెయింటును మార్చడం మన పని కాదు. రీసేల్ ఫ్లాటులో కొనేవాడు వచ్చి చూసినప్పుడు మాట పోతుంది, అంతే. బిల్డర్ల కొత్త ప్రాజెక్టులకు మోడల్ ఫ్లాట్లు తీసేవారైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ ప్రకటనలలోనూ మోడల్ ఫ్లాట్లలోనూ చూపించే తప్పుడు సమాచారానికి ప్రమోటర్‌ను, అంటే బిల్డర్‌ను, బాధ్యుడిని చేస్తుంది, ఆ చిక్కులోకి మన ఫోటో కూడా వెళ్లకూడదు.

రంగులడబ్బా

ఫోన్‌లో పసుపు సంగతి నేను చెబుతాను. ముందు మీ ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్‌లో కలర్ స్పేస్ (ఫైలులో రంగులను నమోదు చేసే ప్రమాణం) ఎస్ఆర్‌జీబీగా ఉందో లేదో చూడండి. అడోబ్ ఆర్‌జీబీలోనో ప్రోఫోటోలోనో పంపితే కొన్ని యాప్‌లలో రంగులు వెలిసిపోయి, మారిపోయి కనిపిస్తాయి. అది సరిగానే ఉంటే తప్పు బ్రోకర్ ఫోన్‌ది కావచ్చు. సాయంత్రం కాగానే తెరను పసుపు చేసే నైట్ మోడ్ చాలా ఫోన్లలో దానంతటదే మొదలయ్యేలా పెట్టుకోవచ్చు. ఐఫోన్లలో ట్రూ టోన్ అనే సదుపాయం చుట్టూ ఉన్న వెలుగును బట్టి తెర రంగును మారుస్తుంది. రెండింటినీ ఆపి, అదే ఫోటోను చూడమనండి. అప్పటికీ పసుపుగానే ఉందంటే మీ మానిటర్ చల్లగా, అంటే నీలం వైపు ఉందన్నమాట. దానికి తగ్గట్టు మీరు తెలియకుండానే ఫోటోను పసుపు వైపు లాగుతున్నారు. అప్పుడు ఫోటోలు మళ్లీ సరిచేయకుండా ముందు మానిటర్‌ను క్యాలిబ్రేట్ చేయించండి.